మరుగుజ్జుల చరిత్రకారుడు

బలిచక్రవర్తి యెదుట మూడడుగుల నేల యాచించిన వామనమూర్తి కథ మన బాలురకు, బాలికలకు చిరపరిచితము. పొట్టి వటువు చూచుచుండగనే త్రివిక్రముడై భూమ్యాకాశముల నాక్రమించెను. ఆ కథలోని యానందమంతయు ఆ పెరుగుటలోనే యున్నది. కాని పెరుగకయే, తుదివఱకు పొట్టివారుగనే యుండి, లోకుల మనస్సులను జయించిన మరుగుజ్జులును కలరు. వారిని సృష్టించినవాడు ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా నుండిన జె. ఆర్. ఆర్. టోల్కీను.

నేడు అనేక దేశముల యువకులు బల్లచుట్టును గూర్చుండి, తలకొక పాత్ర ధరించి, కల్పితలోకములలో సాహసయాత్రలు సాగించునట్టి ఆట లాడుచున్నారు. ఆ యాటలలో ఆజానుబాహువగు వీరుడు కావచ్చును, మాంత్రికుడు కావచ్చును. అంతటి స్వేచ్ఛ యుండియు పలువురు గడ్డము పెంచి గొడ్డలి పట్టిన మరుగుజ్జునే కోరుకొందురు. ఈ వింతకు మూలము కొంత టోల్కీను జీవితములోనే కనబడును.

ఆయన 1892వ సంవత్సరము జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీను నగరమున జన్మించెను. తండ్రి ఆర్థరు అచట బ్యాంకు ఉద్యోగి. 1895లో తల్లి మేబెల్ తన యిద్దఱు కుమారులను దీసికొని స్వదేశమునకు వచ్చెను. తండ్రియు పిమ్మట రావలసియుండెను. కాని 1896లో జబ్బుపడి అచటనే మరణించెను. తల్లి బర్మింగ్‌హాము సమీపమున సేర్‌హోల్ అను పల్లెలో కాపురముండి, లాటిను మొదలగు విద్యలను తానే బిడ్డలకు నేర్పెను. కొన్నియేండ్లకు ఆ పచ్చని పల్లెను విడిచి పొగగొట్టముల నగరమునకు పోవలసివచ్చెను. 1904లో ఆ తల్లియు మధుమేహముచే గతించెను. ఆ వ్యాధికి మందగు ఇన్సులిను అప్పటికి కనుగొనబడలేదు. పండ్రెండేండ్ల బాలుడు తల్లియు తండ్రియు లేనివాడై, ఫ్రాన్సిస్ మోర్గను అను మతగురువు సంరక్షణలో పెరిగెను. ఇల్లు కోల్పోయినవారి వేదన ఆయన కథలలో మాటిమాటికి వినబడుటకు వేఱొక కారణమును వెదుకనక్కఱలేదు.

బాల్యమునుండియు ఆయనకు భాషలన్న మక్కువ. ఉన్న భాషలు చాలక క్రొత్త భాషలను కల్పించుకొని యాడుకొనెడివాడు. 1911లో ఆక్స్‌ఫర్డున జేరి, మొదట గ్రీకు, లాటిను భాషలను, పిమ్మట ప్రాచీనాంగ్లమును, ఉత్తర యూరపు పురాతన భాషలను అభ్యసించి, 1915లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. 1916 మార్చిలో ఎడిత్ బ్రాట్‌ను వివాహమాడెను. కొలది నెలలలోనే సైన్యముతో ఫ్రాన్సునకు పోయి, సోమ్ యుద్ధమున వార్తలు చేరవేయు విభాగములో పనిచేసెను. పాఠశాలనాటి ప్రాణమిత్రులు నలుగురిలో ఇద్దఱు ఆ యేటనే యుద్ధమున అసువులు బాసిరి. టోల్కీను పేలవలన వ్యాపించు కందకజ్వరమున బడి యింటికి పంపబడెను. ఆ జ్వరమే ఆయన ప్రాణమును గాచినదన్నను తప్పులేదు.

యుద్ధానంతరము ఆయనకు దొరకిన మొదటి యుద్యోగము ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు కార్యాలయములోనిది. అచట 'డబ్ల్యు' అక్షరముతో మొదలగు కొన్ని పదముల పుట్టుపూర్వోత్తరములను శోధించుట ఆయన పని. ఒక్కొక్క పదము వెనుక ఒక్కొక్క చరిత్ర యుండునను నమ్మకము ఆయనకు ఇట్టి పనివలన దృఢపడెను. 1920లో లీడ్సు విశ్వవిద్యాలయమునకును, 1925లో మరల ఆక్స్‌ఫర్డునకును పోయి, 1959లో విశ్రమించువఱకు అచటనే యాచార్యుడుగా నుండెను.

మన పురాణములలో కుబేరుని నిధులను గుహ్యకులు కాచినట్లు, ఉత్తర యూరపు గాథలలో మరుగుజ్జులు కొండల లోపల నివసించుచు లోహములు కరగించుదురు. థారు అను దేవుని సుత్తిని చేసినవారును వారే. ప్రాచీన నార్సు భాషలోని యొక పురాణగీతములో మరుగుజ్జుల పేర్లు వరుసగా చెప్పబడినవి. పేర్లు మాత్రమే! వారెవరో, ఏమి చేసిరో చాలవఱకు తెలియదు. తక్కిన పండితులు ఆ పట్టికను చదివి పుట త్రిప్పిరి. టోల్కీను మాత్రము పేరున్నచో మనిషి యుండవలె ననియు, మనిషికి ఊరును, వంశమును, పగయు, ప్రేమయు నుండవలె ననియు తలచెను.

అది సామాన్యమైన తలంపు కాదు. పూర్వము యూరపు రాజసభలలో పొట్టివారిని వినోదముకొఱకు పోషించెడివారు. మన సంస్కృత నాటకములలోను వామనులు, కుబ్జులు అంతఃపుర పరిచారకులుగ కనబడుదురు. దేహపు కొలతను బట్టి మనుష్యుని పరిహసించుట పాత జాడ్యము. కథలలోని మరుగుజ్జునకును ఆ నవ్వులపాటే దక్కుచుండెను.

ఒక వేసవిలో ఆచార్యుడు పరీక్షాపత్రములు దిద్దుచు విసుగు జెందియుండగా, ఏ విద్యార్థియో వ్రాయక విడిచిన తెల్లని పుట యొకటి కనబడెను. దానిపై, నేలలోని బొరియలో నివసించు హాబిట్ అను చిన్ని జీవిని గూర్చి యొక వాక్యము వ్రాసెను. వ్రాయక విడిచిన పుటవలన లోకమునకింత లాభము మఱెన్నడును కలిగియుండదు! ఆ వాక్యము క్రమముగ పెరిగి 'ది హాబిట్' అను గ్రంథమై 1937 సెప్టెంబరులో వెలువడెను.

అందు పదుమువ్వురు మరుగుజ్జులు బిల్బో అను హాబిట్‌ను వెంటబెట్టుకొని, డ్రాగను అపహరించిన తమ కొండను, బంగారమును తిరిగి సంపాదింప బయలుదేరుదురు. వారిలో పెక్కండ్ర పేర్లు ఆ పాత గీతములోనివే. కథారంభమున వారును నవ్వు పుట్టింతురు, అల్లరిగా విందారగింతురు. కాని రాత్రివేళ పోయిన యింటిని దలచుకొని పాడునపుడు పాఠకుని నవ్వు ఆగిపోవును. నాయకుడగు థోరిను కొండను తిరిగి పొందిన పిమ్మట బంగారుపిచ్చిలో బడి, డ్రాగనుచే ఊరు తగులబడిన పొరుగువారికి చిల్లిగవ్వయైన నీయనని మొండికెత్తును. శాంతి కోరి శ్రేష్ఠమైన మణిని ఎదిరిపక్షమున కొసగిన బిల్బోను ద్రోహియని వెడలగొట్టును. తుదకు ఘోరయుద్ధమున వీరోచితముగ పోరి, గాయపడి, మరణశయ్యపై బిల్బోతో సమాధానపడును. గుణము, దోషము రెండును గల యిట్టి పాత్రను ఎవడు పరిహసింపగలడు?

తరువాత పండ్రెండేండ్లు శ్రమించి వ్రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగ వెలువడెను. ఆంగ్లమున మరుగుజ్జులను బహువచనమున 'డ్వార్ఫ్స్' అనుట వాడుక కాగా, టోల్కీను 'డ్వార్వ్స్' అని వ్రాసెను. అచ్చువారు దానిని తప్పని దిద్దగా, ఆయన పట్టుబట్టి తన రూపమునే మరల వేయించెను. ఒక్క యక్షరము కొఱకింత పట్టుదల యేల యని తోచవచ్చును; కాని తన మరుగుజ్జులు పాత వెక్కిరింపు కథలలోని వారు కారని చాటుటకు ఆ యక్షరము పనికివచ్చెను.

రామంతాపూరు, తార్నాక ప్రాంతముల విద్యార్థులు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాలను చూచియుందురు. 1939లో ప్రారంభమైన ఆ గ్రానైటు సౌధము క్రింద నిలిచి తల యెత్తి చూచినవారికి, రాతిని మలచిన చేతులపై గౌరవము కలుగకపోదు. అట్టి సౌధమునకెన్నో రెట్లు మించిన స్తంభశాలలు మోరియా అను పర్వతగర్భమున చీకటిలో పాడుపడియున్నట్లు టోల్కీను వర్ణించెను. తన పూర్వులు మలచిన ఆ శాలలలో గిమ్లీ అను మరుగుజ్జు నడచుచు, తన బంధువగు బాలిను సమాధిని కనుగొనును.

ఈ గిమ్లీ కథయే నాకు మిక్కిలి ప్రియమైనది. ఎల్ఫులను సుందరజాతికిని మరుగుజ్జులకును తరతరముల వైరము. ఎల్ఫుల దొరసాని గలాడ్రియెల్ తన వనమునకు వచ్చిన యాత్రికులకు కానుక లిచ్చుచు, గిమ్లీని ఏమి కావలెనని యడుగును. బంగారమునకు ఆశపడు జాతివాడని పేరుపడిన గిమ్లీ తనకేమియు వలదనును. ఆమె మరల గ్రుచ్చి యడుగగా, సిగ్గుపడుచు ఆమె స్వర్ణకేశములలో ఒక్కటి యిప్పింపుమని ప్రార్థించును. ఆమె మూడు వెండ్రుకల నిచ్చును. పిమ్మట అతడును, ఎల్ఫు వీరుడగు లెగొలాసును విడివడని మిత్రులగుదురు.

టోల్కీను 1973 సెప్టెంబరు 2వ తేదీన తన 81వ యేట మరణించెను. నాలుగు నెలలకు, 1974 జనవరిలో, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను మూడు చిన్న పుస్తకములుగ ప్రకటించిరి. పాత్రలు ధరించి యాడు నేటి యాటలకు అదియే మూలము. గైగాక్స్ తనకు టోల్కీను కంటె ఇతర రచయితలే ప్రియులని చెప్పుకొనినను, ఆటలోని మరుగుజ్జు మాత్రము గిమ్లీ పోలికలతోనే పుట్టెను. మంత్రములకు సులభముగ లొంగడు. భూగర్భ మార్గములలో నేల యెచట వాలుచున్నదో, ఏ గోడ కదలునో, ఎచట ఉచ్చు దాగియున్నదో ముందుగ పసిగట్టును. చీకటిలో దారి తప్పిన జట్టునకు పొడవైనవాని కంటె ఇట్టివాడే యెక్కువ యక్కఱకు వచ్చును. అతడు ఎత్తు పెరుగవలసిన పనియు లేదు. అతని విద్యయే అతని బలము.

ఆటలో మొదట హాబిట్లును ఉండిరి. ఆ పేరుపై హక్కులు గలవారు ఆక్షేపింపగా, 1977లో దానిని తొలగించి 'హాఫ్లింగ్' అని మార్చిరి. మరుగుజ్జు పేరు మాత్రము అట్లే నిలిచెను. అది ఎవరి సొత్తును కాక, ఆ పాత నార్సు పట్టికనాటి నుండియు లోకులందఱిదై యుండెను.