నిఘంటుకర్త బ్రౌను

కట్టు అనునది తెలుగున రెండక్షరముల చిన్న మాట. అది చేయు పనులు మాత్రము పెక్కు. రైతు ఎద్దును రాటకు కట్టును. మేస్త్రి గోడ కట్టును. ఇల్లాలు చీర కట్టును. వర్తకుడు సరకునకు వెల కట్టును. వైద్యుడు గాయమునకు కట్టు కట్టును. పనికి పూనుకొన్నవాడు నడుము కట్టును. చెరువునకు కట్ట రక్షణము. ఊరికి కట్టుబాటు రక్షణము. లేని సంగతిని అల్లి చెప్పినచో అది కట్టుకథ యగును. బాల్యమునుండి ఈ మాటలు వినుచున్న తెలుగువారికి ఇందు వింత తోపదు. అన్యదేశీయుడు ఈ భాష నేర్వబూనినప్పుడు ఇట్టి మాటయే అతని త్రోవకు అడ్డు నిలుచును. అట్టి మాటల నెన్నింటినో ఓపికతో విప్పి చూచి, వాని అర్థములను వరుసగా కూర్చి, తెలుగు నిఘంటువును నిర్మించిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ప్రాచ్యభాషలయందు అభిమానము గలవాడు. ఆయన కుమారునకు చిన్నతనముననే పెక్కు భాషలు నేర్పించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు వెడలిపోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1817 ఆగస్టులో బ్రౌను మద్రాసు చేరెను. అప్పటి కాయనకు పందొమ్మిదేండ్లయినను నిండలేదు.

మద్రాసులోని ఫోర్టు సెంట్ జార్జి కళాశాలలో దొరలకు దేశభాషలు నేర్పుచుండిరి. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో దానికి చుట్టరికము కలదనియు ఎల్లిస్ అను పండితుడు 1816లో నిరూపించి యుండెను. కట్టు అను మాటయే అందుకు మంచి నిదర్శనము. తమిళమునను కన్నడమునను అది కట్టు అనియే వినబడును. ఆ కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు బ్రౌనునకు తెలుగు అక్షరములు నేర్పిన గురువు.

1820లో బ్రౌను కడపలో కలెక్టరుకు సహాయకుడుగా నియమింపబడెను. అటుపిమ్మట మచిలీపట్నము, రాజమండ్రి మొదలగు చోట్ల పనిచేసెను. ఉద్యోగమున ఆయన నిత్యము ప్రజల మాట వినవలసి వచ్చెను. ఒక రైతు న్యాయస్థానమున నిలిచి తాను శిస్తు కట్టితిననియు, ఎదుటివాడు చెప్పునది కట్టుకథ యనియు, తమ ఊరి కట్టుబాటు వేరనియు చెప్పెననుకొందము. కట్టుట యనగా త్రాటితో బంధించుట యని మాత్రమే నేర్చిన అధికారికి ఆ మొర యెట్లు తెలియును? మాట తెలియని చోట న్యాయము నిలువదు. అధికారి తడబాటునకు ఫలము అనుభవించువాడు ఆ రైతే. భాష నేర్చుట వినోదము కాదనియు, పాలించువారి విధి యనియు బ్రౌను గ్రహించెను.

అయితే నేర్చుటకు తగిన గ్రంథములేవి? నాడు తెలుగున అచ్చుపడిన పుస్తకములు మిక్కిలి అరుదు. కావ్యములన్నియు తాటాకులపై నుండెను. ఆకులకు రంధ్రము చేసి, త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకలుంచి కట్టగా కట్టుట ఆనాటి పద్ధతి. త్రాడు తెగినచో ఆకులు చెదరును; చెదలు పట్టినచో పద్యములు నశించును. వ్రాయసగాండ్ర పొరపాట్లవలన ఒక ప్రతికిని మరియొక ప్రతికిని పొంతన లేకుండెను.

ఈ స్థితిని చూచి బ్రౌను మనసు నొచ్చెను. ఆయన పలుచోట్లనుండి తాళపత్రములు తెప్పించెను. ఒకే గ్రంథమునకు అనేక ప్రతులు సేకరించి, పండితులచే పోల్చి చూపించి, తప్పులు దిద్దించి, కాగితములపై శుద్ధప్రతులు వ్రాయించెను. కడపలో ఆయన బంగళాయే ఇందుకు కార్యస్థానమైనది. పండితులకును వ్రాయసగాండ్రకును తన జీతమునుండియే వేతనము లిచ్చెను. అది చాలక అప్పులు చేసెను. పండితులు అంతగా మన్నింపని వేమన పద్యములను సైతము ఆయన ప్రీతితో ప్రోగుచేసి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. జనుల నాలుకపై నున్న తెలుగు ఆ పద్యములందు ఆయనకు కనబడెను.

ఇట్లుండగా 1834లో ఆయన ఉద్యోగమునుండి తొలగింపబడెను. ఒకవైపు అప్పులు, మరియొకవైపు అసంపూర్ణమైన కృషి. మరుసటి సంవత్సర మాయన ఇంగ్లండునకు మరలిపోయెను. మరియొకడైనచో తెలుగును అంతటితో విడిచి యుండును. బ్రౌను లండనులో నున్నప్పుడును గ్రంథములనే వెదకెను. అచ్చట కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు 2,000కు పైగా చదువువారు లేక పడి యుండెను. ఆయన పట్టుదలతో ప్రయత్నించి వానిని మద్రాసునకు చేర్పించెను. 1837లో పారశీక భాషానువాదకుడుగా తిరిగి కంపెనీ కొలువులో చేరి మద్రాసు వచ్చెను.

తరువాతి కాలము ఆయన జీవితమున మిక్కిలి ఫలవంతమైనది. 1840లో తెలుగు వ్యాకరణమును, 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును ప్రకటించెను. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ఆయనకు తోడ్పడిరి. వసుచరిత్ర మనుచరిత్రములు ప్రబంధములు. ప్రబంధమనగా చక్కగా కూర్చి కట్టబడినది. సంస్కృతమున బంధించుట యను అర్థము గల ధాతువునుండి ఈ మాట పుట్టినది. ఆ ధాతువునకు సంతానము మెండు. మనుష్యులను కలుపునది సంబంధము. అట్లు కలిసినవాడు బంధువు. ఒడంబడికలో చేర్చునది నిబంధన. ఇష్టము లేకున్నను బలవంతపెట్టునది నిర్బంధము. ఒకే కుదురునుండి ప్రేమయు పుట్టినది, చెరయు పుట్టినది.

బ్రౌను నిఘంటువులు 1852 మొదలు 1854 వరకు మద్రాసులో అచ్చుపడెను. ఒకటి ఇంగ్లీషునుండి తెలుగునకు, మరియొకటి తెలుగునుండి ఇంగ్లీషునకు. ఇవి అనేక సంవత్సరముల శ్రమకు ఫలములు. పూర్వపు నిఘంటువులు ముఖ్యముగా కావ్యములందలి మాటలకే అర్థము చెప్పుచుండెను. బ్రౌను ఆ మాటలతోపాటు ఇంటను, పొలమునను, సంతలోను వినబడు మాటలకును చోటిచ్చెను. మాటకు అర్థము వ్రాసి ఊరకుండక, అది వాడుకలో ఎట్లు నడచునో ఉదాహరణములతో చూపెను.

మూడవది మిశ్రభాషా నిఘంటువు. కచ్చేరీలలోను రెవెన్యూ లెక్కలలోను వాడుకలో నున్న పారశీకము, అరబ్బీ మొదలగు అన్యభాషల మాటలకు అందు అర్థములు కలవు. బందోబస్తు అట్టి మాటలలో నొకటి. అది పారశీకము, అందలి బంద్, బస్త్ అను రెండు మాటలకును కట్టుట యనియే అర్థము. శిస్తు లెక్క తేల్చు జమాబందీలోను ఆ బంద్ అను మాటయే కలదు. పారశీకమునందలి బంద్, సంస్కృతమునందలి బంధము, ఇంగ్లీషునందలి బాండ్ ఒకే మూలమునుండి వచ్చిన దాయాదులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. తెలుగు కట్టు వారి కుటుంబమున చేరదు. అయినను ఒకే పల్లెలో, ఒకే రైతు నోట ఈ మాటలన్నియు కలిసిమెలిసి బ్రదుకుచున్నవి.

ఆరోగ్యము చెడుటచే బ్రౌను 1855లో ఉద్యోగము చాలించి లండనునకు వెడలెను. ఆయన వివాహమాడలేదు. వార్ధకమునను తెలుగుతోడి పొత్తు విడువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్య పదవి వహించెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, 87వ యేట కన్నుమూసెను.

ఏ నిఘంటువును సర్వసమగ్రము కాదు. బ్రౌను నిఘంటువును కందుకూరి వీరేశలింగము మొదలగువారు సవరించి పెంపొందింపగా 1903లో క్రొత్త కూర్పు వెలువడెను. కడపలో ఆయన బంగళా యున్న చోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కృషివలన బ్రౌను పేర గ్రంథాలయమును భాషా పరిశోధన కేంద్రమును వెలసెను. ఆయన నిఘంటువు నేటికిని విద్యార్థులకును పరిశోధకులకును ఉపకరించుచున్నది.

జన్మచేత బ్రౌనునకు తెలుగుతో ఏ బంధమును లేదు. ఉద్యోగము ఆయనను ఈ భాష చెంతకు చేర్చెను. ఆ ఉద్యోగము పోయిన నాడు ఆయన స్వేచ్ఛగా తొలగిపోవచ్చును. అయినను ఆయన తనకు తానుగా ఆ పనికి కట్టుబడెను. ఇతరులు వేసిన కట్టు త్రెంచుకొనుటకు మనుజుడు తహతహలాడును. తాను ఇష్టముతో వేసికొన్న కట్టు అతనిని గొప్పవానిని చేయును. తెగిన త్రాళ్ళనుండి చెదరిపోవుచున్న ఆకులను తిరిగి కట్టగట్టిన ఆ చేతులకు తెలుగుజాతి సదా ఋణపడి యున్నది.