డాక్టర్ గులాం యజ్దానీ

భువనగిరి దాటి కాజీపేట వైపు వెళ్ళే రైలుమార్గం ప్రక్కన రాయగిరి అనే గ్రామం ఉన్నది. దాని పరిసరాలలో పెద్ద పెద్ద రాళ్ళను వలయాకారంగా పేర్చిన ప్రాచీన సమాధులు అనేకం ఉండేవి. ఇటువంటి వాటిని మన పల్లెప్రజలు రాక్షసి గుళ్ళు అని పిలుస్తారు. ఇంతింత బండలను ఎత్తి నిలపడం మానవమాత్రులకు సాధ్యం కాదని వారి నమ్మకం. ఆ బండల క్రింద ఉన్నవారు రాక్షసులు కారనీ, ఇనుము కరగించి ఈటెలు చేసుకొని, సారెపై కుండలు చేసుకొని బ్రతికిన మన పూర్వికులేననీ శాస్త్రీయంగా నిరూపించిన తొలితరం పరిశోధకులలో గులాం యజ్దానీ ముఖ్యులు.

యజ్దానీ 1885 మార్చి 22న ఢిల్లీలో జన్మించారు. అక్కడి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో విద్యాభ్యాసం చేసి, అరబ్బీ, పారశీక భాషలలో పాండిత్యం గడించి, కొంతకాలం అధ్యాపకులుగా ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం హైదరాబాదు రాజ్యంలో పురావస్తుశాఖను నెలకొల్పి ఆయనను దానికి మొదటి డైరెక్టరుగా నియమించింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవైతొమ్మిది సంవత్సరాలు. శాసనలిపులు చదవగలిగిన పండితుడే గాని పలుగు, పార పట్టించి భూమిని త్రవ్వించిన అనుభవం ఆయనకు ఎక్కువగా ఉండి ఉండదు. ఆయన చేతికి వచ్చిన రాజ్యమా, అజంతా ఎల్లోరాలు మొదలు ఓరుగల్లు, పాలంపేట, బీదరు, గోలకొండల వరకు విస్తరించినది! మరుసటి సంవత్సరమే, 1915లో, రాయచూరు జిల్లా మాస్కీలో బీడన్ అనే బంగారుగనుల ఇంజనీరు ఒక బండపై అశోకుని శాసనాన్ని కనుగొన్నారు. అంతవరకు దేవానాంప్రియుడు అనే బిరుదుతోనే ఎరిగిన చక్రవర్తి పేరు ఆ బండ మీద అశోకుడని స్పష్టంగా కనిపించింది. కృష్ణశాస్త్రి పరిష్కరించిన ఆ శాసనమే హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో ప్రథమ ప్రచురణ అయినది. క్రొత్తగా ఏర్పడిన శాఖకు ఇంతకంటె శుభారంభం ఏముంటుంది?

రాయగిరి, మౌలాలీ ప్రాంతాలలోని సమాధుల పరిశోధన ఆ తొలి సంవత్సరాలదే. అటువంటి త్రవ్వకంలో ఒక దినం ఎట్లా గడుస్తుందో చదువరులు తెలుసుకోవలసి ఉన్నది. నిధులు వెదికే పనికీ దీనికీ గల భేదం అక్కడే తెలుస్తుంది. ఎండ ముదరక ముందే పని మొదలవుతుంది. ముందుగా వలయంలోని రాళ్ళ స్థానాలను కొలిచి పటంలో గుర్తిస్తారు. తరువాత నడుమనున్న మట్టినీ గులకరాళ్ళనూ కూలీలు తట్టలకెత్తి దూరంగా పోస్తారు. నిలువులోతు పైగా దిగిన తరువాత గాని పలుగుకు కప్పుబండ తగలదు. మోకులు కట్టి, దూలాలతో మీటి ఆ బండను తొలగించేసరికి మధ్యాహ్నం దాటుతుంది. క్రింద నాలుగు బండలతో పెట్టెవలె అమర్చిన గది, దాని నిండా శతాబ్దాలుగా దిగిన ఒండ్రుమట్టి. అక్కడ నుండి పలుగుకు పని లేదు. చిన్న కత్తితో, కుంచెతో, ఒక్కొక్కప్పుడు వ్రేళ్ళతో మట్టిని తొలగించవలసిందే. తడిసి మెత్తబడిన కుండను తొందరపడి ఎత్తితే చేతిలోనే విచ్చిపోతుంది. కొంతసేపు గాలికి ఆరనిచ్చి, క్రింద చేయి ఆనించి పైకి తీయాలి. లోపల నలుపు, వెలుపల ఎరుపు గల పాత్రలు, త్రుప్పుపట్టిన ఇనుప పనిముట్లు, ఎముకల ముక్కలు, ఇవే ఆనాటి కూలీకి లభించే నిధులు. బంగారం వస్తుందని ఆశించిన కూలీవారు ఈ పెంకుల కోసం దొరలు ఇంత శ్రమపడడం చూసి నవ్వుకొని ఉంటారు.

యజ్దానీ దృష్టి ఆ పెంకుల మీదనే నిలిచింది. కుండల మీద గీచిన కొన్ని గుర్తులను ఆయన గమనించి, వాటిని సమకూర్చి, 1917లో హైదరాబాదు పురావస్తు సంఘం పత్రికలో ప్రకటించారు. వాటిలో కొన్ని బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉండడంతో పండితులలో పెద్ద చర్చ చెలరేగింది. అవి అక్షరాలు కావనీ, కుమ్మరుల లేదా యజమానుల గుర్తులు మాత్రమేననీ భావించేవారున్నారు. నేటికీ ఆ గుర్తులను చదివినవారు లేరు. అయినా పెంకును పారవేయక దానిపై గీతను లెక్కపెట్టిన ఆ ఓపిక సామాన్యమైనది కాదు.

అజంతా విషయంలో ఆయన చేసిన సేవ లోకవిదితం. గోడల నుండి పెచ్చులుగా ఊడిపోతున్న చిత్రాలను నిలపడానికి 1920లో ఇటలీ నుండి చెక్కోనీ, ఓర్సీనీ అనే నిపుణులను ప్రభుత్వం రప్పించింది. వారు రెండు శీతకాలాలు అక్కడ పనిచేసి, ఇక్కడివారికి ఆ విద్య నేర్పి వెళ్ళారు. తరువాత యజ్దానీ ఆ చిత్రాలను ఫోటోలు తీయించి, వివరణలతో నాలుగు బృహత్సంపుటాలుగా వెలువరించారు. మొదటిది 1930లో, చివరిది 1955లో వచ్చినవి. ఇస్లామీయ శాసనాల పత్రికను పాతికేళ్ళపాటు సంపాదకత్వం వహించి నడిపిన మౌల్వీ, బోధిసత్త్వుని కనురెప్పల వాలును గురించి పుటలకొద్దీ వ్రాయడం ఆనాటి హైదరాబాదులో ఎవరికీ వింతగా తోచలేదు. పాలంపేట దేవాలయాలపై 1922లో ఆయన వ్రాసిన గ్రంథం కూడ ఈ కోవలోనిదే. అందులోని రామప్ప గుడిని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

1940లో సంగారెడ్డికి సమీపంలోని కొండాపురం దిబ్బపై త్రవ్వకాలు ఆరంభమైనవి. రైతులు పాటిమన్ను తోలుకొనే ఇటువంటి దిబ్బలు తెలుగుదేశంలో ఎన్నో ఉన్నవి. ఇక్కడ ఒక శాతవాహన నగరమే బయటపడినది. ఇటుక కట్టడాలు, బౌద్ధ స్తూప చైత్యాల పునాదులు, పూసలు, వింత వింత కేశాలంకరణలు గల మట్టిబొమ్మలు, పెద్ద సంఖ్యలో సీసపు నాణేలు, నాణేలు పోసే అచ్చులు, రోము చక్రవర్తి అగస్టసు బంగారు నాణెం లభించినవి. యజ్దానీ దీనిపై సంగ్రహ నివేదికను 1941లో ప్రకటించారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. దిబ్బను పొరలు పొరలుగా విడదీసి, ఏ వస్తువు ఏ పొరలోనిదో నమోదు చేసే పద్ధతి మన దేశంలో స్థిరపడినది 1944లో వీలరు పురావస్తుశాఖ అధిపతిగా వచ్చిన తరువాతనే. 1947లో బ్రహ్మగిరి త్రవ్వకంతో గాని దక్షిణాపథపు కాలక్రమానికి పునాది పడలేదు. కొండాపురంలో గోడలు తేలినవి, వస్తువులు తేలినవి. ఏది ముందు, ఏది వెనుక అనే విషయం మాత్రం తేలలేదు. ఒకసారి త్రవ్విన చోటును మరల త్రవ్వలేము. అందుచేతనే 2009 నుండి భారత పురావస్తు సర్వేక్షణవారు అదే దిబ్బపై మిగిలిన తావులలో మళ్ళీ పని చేపట్టవలసి వచ్చినది. దీనిని యజ్దానీ లోపంగా ఎంచడం న్యాయం కాదని నా అభిప్రాయం. నాలుగేళ్ళ తరువాత వచ్చిన పద్ధతిని ముందుగానే పాటించలేదని ఎవరిని తప్పుపట్టగలం? అయితే ఆ నష్టం నష్టం కాదనడమూ సత్యం కాదు.

1943లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు గాని విశ్రమించలేదు. 1947లో బీదరు చరిత్ర, కట్టడాలపై గ్రంథం వెలువడింది. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. ఆయన సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర 1960లో రెండు సంపుటాలుగా వచ్చినది. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి పండితులు అందులో పాల్గొనగా, లలితకళల భాగాన్ని యజ్దానీ స్వయంగా వ్రాశారు. అప్పటికి ఆయనకు డెబ్బదియైదేళ్ళు. ఆ తరువాత రెండేళ్ళకు, 1962 నవంబరులో, ఆయన కన్నుమూశారు.