పండగనాడు తెరిచిన బడి

డిసెంబరు వచ్చిందంటే కువైట్‌లో మన పిల్లలు చదివే బడుల్లో హడావుడి అంతా ఇంతా కాదు. ఎల్‌కేజీ, యూకేజీ గదుల్లో దూదితో చేసిన మంచు, రంగు కాగితాల నక్షత్రాలు, అట్టముక్కల చెట్లు వేలాడుతుంటాయి. శలవులు ఇచ్చేముందు ప్రాజెక్టు అంటూ ఓ కాగితం ఇంటికొస్తుంది. సంక్రాంతికి గాలిపటం చెయ్యమంటారు. ఫిబ్రవరి 25, 26 తేదీల్లో వచ్చే కువైట్ జాతీయ దినం, విమోచన దినాలకు జెండా రంగులతో ఏదైనా తయారుచేసి తెమ్మంటారు. రంజాన్ నెల మధ్యలో వచ్చే గిర్గియాన్‌కు గుడ్డసంచి అలంకరించి పంపమంటారు.

ఒక్క నిజం చెప్పుకుందాం. ఆ ప్రాజెక్టు చేసేదెవరు? డ్యూటీ దిగి వచ్చిన నాన్న కత్తెర పడతాడు. అమ్మ గమ్ రాస్తుంది. పాప పక్కన కూర్చుని చూసి చూసి నిద్రపోతుంది. మర్నాడు బడిలో అందరూ మెచ్చుకునేది నాన్న చేతిపనిని! మేమూ ఈ తప్పు చేసినవాళ్లమే. పాప తను అంటించిన వంకర నక్షత్రాన్ని చూపిస్తే, దాన్ని పీకేసి సరిగ్గా అంటించినవాళ్లమే.

పసిపిల్లల చేతికి పని ఇవ్వండి, మీరు పక్కకు తప్పుకోండి అని లోకానికి నేర్పిన మనిషి ఒకావిడ ఉంది. హైదరాబాద్ నుంచి కువైట్ దాకా ఎన్నో నర్సరీ బడుల బోర్డుల మీద ఆవిడ పేరు కనిపిస్తుంది. పేరు తెలిసినంతగా ఆవిడ జీవితం మనకు తెలియదు. ఆవిడే మరియా మాంటిస్సోరి. ఆమె తొలి బడి తెరుచుకున్నదే ఒక పండగ రోజున. అంతే కాదు, బిడ్డను దూరంగా ఉంచి బతకడం అంటే ఏమిటో కూడా ఆవిడకు తెలుసు. అందుకే గల్ఫ్‌లో ఉన్న మనం ఆమె కథ తెలుసుకోవాలి.

డాక్టరమ్మ

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, తల్లి రెనిల్డె బాగా చదువుకున్న మనిషి. పిల్లకు అయిదేళ్లు వచ్చేసరికి కుటుంబం రోమ్ చేరింది. మొదట ఇంజినీరింగ్ చదవాలనుకుంది. తర్వాత మనసు వైద్యం మీదికి మళ్లింది. ఆడపిల్లకు వైద్యమేమిటని అందరూ వింతగా చూసిన కాలమది. మగ విద్యార్థుల మధ్య నిలబడి శవాన్ని కోయడం మర్యాద కాదన్నారు. దాంతో వాళ్లంతా వెళ్లిపోయాక సాయంత్రం పూట ఒంటరిగా ఆ గదిలో నిలబడి నేర్చుకోవాల్సి వచ్చింది. అయినా వదల్లేదు. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరై బయటికొచ్చింది. అప్పటికి ఇటలీలో మహిళా డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన మహిళా మహాసభలో, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని మాట్లాడింది.

డాక్టరుగా ఆమె ఎక్కువగా చూసింది బుద్ధిమాంద్యం ఉందని పక్కన పడేసిన పిల్లలను. వాళ్లకు కావాల్సింది మందుకన్నా చదువేనని ఆమెకు తోచింది. ఇటార్, సెగ్యాఁ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అలాంటి పిల్లల గురించి రాసిన గ్రంథాలను తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకుంటూ చదివింది. చేతితో తడిమి, పట్టుకుని, పేర్చి నేర్చుకునే వస్తువులు తయారు చేయించింది. అలా నేర్పిన పిల్లల్లో కొందరు మామూలు పిల్లలు రాసే పరీక్షలే రాసి గట్టెక్కారు. అందరూ ఆమెను పొగుడుతుంటే ఆవిడ ఆలోచన మరోలా నడిచింది. ఈ పిల్లలే ఇంత చేయగలిగితే, మామూలు పిల్లలను మన బడులు ఎందుకింత వెనకబెడుతున్నాయి?

1907 జనవరి 6

జవాబు వెతికే అవకాశం రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో దొరికింది. అది కూలీనాలీ జనం ఉండే పేట. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి పాడుబడ్డ ఇళ్లను బాగుచేసి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి పోతే ఇంటి దగ్గర మిగిలిన పసివాళ్లు మెట్ల మీద ఆడుతూ గోడలు పాడుచేస్తున్నారు. గోడలు కాపాడుకోవడానికైనా వీళ్లను ఒకచోట కూర్చోబెట్టాలని ఆ సంస్థ పెద్ద ఎడువార్డో తలామో మాంటిస్సోరిని పిలిచాడు. చూశారా, లోకమంతా పాకిన ఒక విద్యావిధానం మొదలైంది గోడల మీద గీతల బెడదతో!

బడి తెరిచిన రోజు 1907 జనవరి 6. క్రైస్తవులకు అది ఎపిఫనీ పండగ. తూర్పుదేశపు జ్ఞానులు బాల ఏసుకు బంగారం, సాంబ్రాణి, బోళం కానుకలుగా తెచ్చిన రోజు. ఆ సాంబ్రాణినే మనం ఇక్కడి సూక్‌లలో లుబాన్ పేరుతో కొంటుంటాం. ఇటలీ పిల్లలకు ఆ పండగంటే ప్రాణం. ముందు రాత్రి బెఫానా అనే ముసలమ్మ చీపురు మీద ఎగిరొచ్చి, పిల్లలు వేలాడదీసిన మేజోళ్లలో మిఠాయిలు వేసి పోతుందట. అల్లరి పిల్లలకైతే బొగ్గుముక్క!

ఆ పండగనాడు శాన్ లొరెంజోలో సుమారు యాభై మంది పిల్లలు కొత్త గదిలోకి వచ్చారు. చాలామంది బెదురు చూపులతో, ఏడుపు ముఖాలతో ఉన్నారు. ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక యువతికి వాళ్లను అప్పగించి, మాంటిస్సోరి పక్కన నిలబడి గమనించసాగింది. ఆ బడికి పెట్టిన పేరుకు తెలుగులో అర్థం పిల్లల ఇల్లు.

బొమ్మలు పక్కన పెట్టిన పిల్లలు

అక్కడ ఆవిడ కళ్లారా చూసినవి పండగ సీజన్‌లో మనకు బాగా పనికొచ్చే సంగతులు. బడిలో ఖరీదైన బొమ్మలు కూడా ఉండేవి. ఆశ్చర్యమేమిటంటే, పిల్లలు వాటి జోలికి పెద్దగా పోలేదు. నేల తుడవడం, గుండీలు పెట్టుకోవడం, కొయ్యదిమ్మెలోని గుంతల్లో సరిపోయే కొయ్యబిళ్లలు దింపడం, ఇవే వాళ్లకు ఇష్టమయ్యాయి. మూడేళ్ల పాప ఒకతె ఆ బిళ్లలు తీస్తూ పెడుతూ మునిగిపోయింది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించారు, కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టారు. ఆ పిల్ల తల ఎత్తలేదు. నలభైసార్లకు పైగా చేసి, నిద్ర లేచినట్టు హాయిగా నవ్వి లేచింది. బహుమతి పతకాలు ఇచ్చినా, మిఠాయిలు పంచినా పనిలో ఉన్న పిల్లలు వాటిని లెక్కచేయలేదు. పని పూర్తి చేయడమే వాళ్లకు బహుమతి అని ఆవిడకు అర్థమైంది.

చదువు సంగతి ఇంకా విచిత్రం. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, వాటి మీద వేలితో దిద్దమని ఇచ్చింది. మన ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దించడం లేదూ, అలాగన్నమాట. ఒక డిసెంబరు రోజు ఎండ హాయిగా కాస్తుంటే పిల్లలను డాబా మీదికి తీసుకెళ్లింది. అయిదేళ్ల పిల్లవాడికి సుద్దముక్క ఇచ్చి, ఎదురుగా ఉన్న పొగగొట్టం బొమ్మ వెయ్యమంది. వాడు వేశాడు. బాగుందని మెచ్చుకుంటే ఒక్క క్షణం ఆగి, తనకు రాయడం వచ్చేసిందని అరుస్తూ నేల మీద అక్షరాలు కూర్చి మాటలు రాశాడు. ఎవరూ వాడికి రాయమని చెప్పలేదు. వాణ్ని చూసి మిగతా పిల్లలూ సుద్దముక్కలు లాక్కుని మొదలుపెట్టారు. 1909 ఏప్రిల్ 7న ఒక అయిదేళ్ల విద్యార్థి తలామోకు ఈస్టర్ శుభాకాంక్షలు సిరాతో రాశాడు. ఆ దస్తూరీని ఆవిడ తన పుస్తకంలో అచ్చు వేయించింది. అంగట్లో కొన్న గ్రీటింగ్ కార్డు కాదది, పసివాడి సొంత రాత.

ఆ పుస్తకం 1912లో ఇంగ్లిష్‌లోకి వచ్చాక ఆమె పేరు మారుమోగిపోయింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గది పెడితే, అద్దాల వెనక పిల్లలు పని చేసుకోవడం చూడ్డానికి జనం ఎగబడ్డారు.

దాచుకున్న బిడ్డ

ఇంత చేసిన ఆ తల్లికి ఒక గుండెకోత ఉంది. 1898 మార్చి 31న ఆమెకు ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. తండ్రి తోటి డాక్టరు జుసెప్పె మోంటెసానో. ఇద్దరికీ పెళ్లి కాలేదు. సంగతి బయటపడితే ఆమె ఉద్యోగం, పరువు అన్నీ పోయే కాలమది. బిడ్డను పల్లెటూళ్లో ఒక కుటుంబానికి పెంచమని అప్పగించింది. తర్వాత మోంటెసానో మరొకరిని పెళ్లాడాడు. మరియా అప్పుడప్పుడూ వెళ్లి కొడుకును చూసొచ్చేది. ఆ వచ్చే ఆవిడ ఎవరో పిల్లవాడికి చెప్పలేదు.

అంటే 1907లో ఆ పండగనాడు ఊళ్లోవాళ్ల పిల్లల కోసం ఇల్లు తెరిచినప్పుడు, ఆమె సొంత బిడ్డకు తొమ్మిదో ఏడు నడుస్తోంది. వాడి పండగ వేరే ఎవరి ఇంట్లోనో జరిగింది. 1912 చివర్లో తల్లి రెనిల్డె చనిపోయాకే మరియా కొడుకును తన దగ్గరికి తెచ్చుకుంది. అప్పటికి మారియో పదిహేనేళ్ల వాడు. తర్వాత కూడా లోకానికి మేనల్లుడనే చెప్పుకుంది.

ఈ మాట చదువుతుంటే మనకు ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? రాయచోటి, రాజంపేట, కోనసీమ ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడి ఇళ్లలో పని చేసుకుంటున్న మన అక్కచెల్లెళ్లు. కారణం వేరు. వాళ్లది పరువు భయం కాదు, అప్పులూ ఆకలీ. కానీ కోత ఒకటే. గిర్గియాన్ రాత్రి ఈ ఇంటి పిల్లలకు దుస్తులు తొడిగి, సంచిలో బాదం, చాక్లెట్లు నింపే చెయ్యి చాలాసార్లు మన తెలుగు తల్లిదే. ఆమె బిడ్డకు భోగిపళ్లు పోసేది అక్కడ అమ్మమ్మ.

అడయారులో పుట్టినరోజు కానుక

1924 నుంచి ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం మాంటిస్సోరి బడులకు అండగా నిలిచింది. ఆ అండను ఆవిడ అంగీకరించింది. దాన్ని ఇప్పటికీ కొందరు తప్పుబడతారు. అయితే పిల్లలను ప్రభుత్వం చెప్పినట్టల్లా నడిపించడానికి ఒప్పుకోక 1934లో తెగతెంపులు చేసుకుంది. ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు కూడా మూయించారు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం ఆమెను బార్సిలోనా నుంచి తరిమింది. అరవై ఆరేళ్ల వయసులో నెదర్లాండ్స్‌లో తలదాచుకుంది.

అలాంటి సమయంలో దివ్యజ్ఞాన సమాజం నుంచి, జార్జి అరండేల్, రుక్మిణీదేవి దంపతుల నుంచి పిలుపొచ్చింది. 1939 నవంబరులో తల్లీకొడుకులు మద్రాసు చేరారు. మన తెలుగువాళ్లకూ అప్పటి రాజధాని అదే కదా. అడయారులో తాటాకు పందిళ్ల కింద దేశం నలుమూలల నుంచి వచ్చిన మూడొందల మంది శిక్షణ తీసుకున్నారు. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే మారియో పక్కన నిలబడి ఇంగ్లిష్‌లోకి మార్చేవాడు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. దాంతో ఇటలీవాళ్లంతా ఇక్కడి ప్రభుత్వానికి శత్రుదేశస్థులైపోయారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరానికి పట్టుకుపోయారు. తల్లి అడయారు ఆవరణ దాటకూడదన్నారు. దేశంకాని దేశంలో, భాష రాని చోట, డెబ్భై ఏళ్ల మనిషికి మళ్లీ బిడ్డ దూరం!

ఆ ఏడాది ఆగస్టు 31న, ఆమె డెబ్భయ్యో పుట్టినరోజున, వైస్రాయ్ లిన్‌లిత్‌గో నుంచి కబురొచ్చింది. ఏ కానుక ఇద్దామా అని ఆలోచించామనీ, మీ కొడుకును మీ దగ్గరికి పంపడం కన్నా మంచి కానుక తోచలేదనీ దాని సారాంశం. నలభై రెండేళ్లుగా ఆ తల్లి బహిరంగంగా అనలేకపోయిన మాట, కొడుకు అనే మాట, ఆ సర్కారు కబురులో ఉంది. ఎపిఫనీ నాడు ఎందరో బిడ్డలకు ఇల్లు ఇచ్చిన మనిషికి తన పుట్టినరోజున తన బిడ్డ కానుకగా తిరిగొచ్చాడు.

తర్వాత ఇద్దరూ కొడైకెనాల్‌లో రెండేళ్లు ఉండి చెట్లు, పురుగులు, రాళ్లు, చుక్కల ద్వారా పిల్లలకు లోకాన్ని పరిచయం చేసే పద్ధతికి రూపమిచ్చారు. 1946లో వెళ్లి, మళ్లీ వచ్చి 1949 దాకా మన దేశంలో పని చేశారు. వెయ్యిమందికి పైగా భారతీయ టీచర్లు ఆమె దగ్గర తయారయ్యారు. మద్రాసులో ఆమె పేరు వినిపిస్తున్న ఆ రోజుల్లోనే, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి తెలుగు పిల్లల కోసం 1945లో బాల పత్రిక పెట్టారు. 1955లో విజయవాడలో వి. కోటేశ్వరమ్మ మాంటిస్సోరి పేరుతోనే బడి మొదలుపెట్టారు. నోబెల్ శాంతి బహుమతికి మూడుసార్లు ప్రతిపాదన అందుకున్న మాంటిస్సోరి, 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నార్డ్‌వైక్‌లో 81 ఏళ్ల వయసులో కన్నుమూసింది. వీలునామాలో మారియోను నా కొడుకు అనే రాసింది.

ఇక మన ఇంటి సంగతి

ఈ శలవుల్లో బడి నుంచి ప్రాజెక్టు కాగితం వస్తే ఏం చేద్దాం? కత్తెర మొద్దుదే ఇవ్వండి, కానీ పాప చేతికే ఇవ్వండి. జెండా రంగులు గీత దాటితే దాటనివ్వండి. గిర్గియాన్ సంచిలో గింజలు వాడినే లెక్కపెట్టి వెయ్యమనండి, అంకెలు అక్కడే వస్తాయి. బొమ్మల కొలువుకు బొమ్మలు పొడుగు పొట్టి చూసి పాపనే మెట్ల మీద పేర్చనివ్వండి. టీచర్లకూ మా మనవి ఒకటే. తల్లిదండ్రులు చేసిన అందమైన వస్తువు కన్నా పిల్లలు చేసిన వంకర వస్తువుకు గోడ మీద చోటివ్వండి.

ఊళ్లో బిడ్డను వదిలి వచ్చిన అమ్మలకు ఇంకో మాట. పండగకు బట్టలు, బొమ్మలు ఎలాగూ పంపిస్తారు. ఈసారి ఫోన్లో అమ్మమ్మకు చెప్పి, వాడి చేత ఒక కాగితం మీద ఏదో ఒకటి గీయించండి. పేరులో ఒక్క అక్షరమైనా సరే, దిద్దకుండా, వాడి చేత్తో. దాన్ని ఫొటో తీసి పంపమనండి. వచ్చే ఏడాది మళ్లీ ఒకటి అడగండి. రెండూ పక్కన పెట్టి చూసుకుంటే, దూరంగా ఉన్నా వాడు ఎంత ఎదిగాడో మీకే తెలుస్తుంది.