ఐదు పతకముల కత్తివీరుడు – నెడో నాదీ

కత్తిసామును దూరమునుండి చూచువారికి అది మణికట్టు నేర్పు మాత్రమేయని తోచును. ఫాయిలు అను సన్నని కత్తి బరువు అరకిలోకు మించదు గదా, దానిని త్రిప్పుటకు దేహబలమేల యని బాలురు మమ్మడుగుచుందురు. ఈ ప్రశ్నకు ఇటలీ దేశస్థుడగు నెడో నాదీ జీవితమే తగిన యుత్తరమని తలంచి, ఆయన చరిత్రమును సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

నాదీ 1894వ సంవత్సరము జూన్ 9వ తేదీని సముద్రతీరమందలి లివోర్నో పట్టణమున జన్మించెను. తండ్రియగు బెప్పె నాదీ పేరుగాంచిన కత్తిసాము గురువు. నెడోయు, 1899లో పుట్టిన తమ్ముడు ఆల్డోయు బాల్యమునుండి తండ్రియొద్దనే శిక్షణ పొందిరి.

ఈ విద్యకు ఆయుధములు మూడు. ఫాయిలుతో ప్రత్యర్థి మొండెమును మొనతో మాత్రమే తాకవలెను. సేబరుతో నడుమునకు పైభాగమున మొనతోను అంచుతోను కొట్టవచ్చును. ఎపేతో దేహమున నెచ్చటనైనను పొడువవచ్చును. ఈ ఎపే క్రమశిక్షణ లేని ఆయుధమని తలంచి తండ్రి దానిని నేర్పనొల్లడయ్యెను. అన్నదమ్ములు వేరొకచోట దానిని అభ్యసించిరి. తండ్రిమాట మీరుటను మేము మెచ్చము. గాని నేర్చుకొనవలెనను వారి యాకలిని మెచ్చక తీరదు.

ఈ పోరులో దేహము పడు శ్రమ యెట్టిది? మోకాళ్లు వంచి, తొడలపై భారము మోపి, నిరంతరము ముందు వెనుకలకు కదలుచుండవలెను. అదను దొరకినంతనే ముందుకాలు చాచి మెరుపువలె పొడిచి, గురి తప్పినచో అంతే వేగముగ వెనుకకు రావలెను. అట్టి దూకుడునకు కండరములయందు నిలువయున్న శక్తి కొన్ని క్షణములలోనే వ్యయమగును. దానిని మరల నింపుటకు మంచి ఊపిరి కావలెను. దళసరి చొక్కాయు తీగవల ముసుగును ధరించుటచే చెమట ధారలై కారును. నీరు త్రాగనివాడు త్వరలో నీరసించును. ఒక పోరు ముగిసిన పిదప మరియొక దానికై చాలసేపు వేచియుండవలెను. కాళ్లు అలసినప్పుడు అడుగు ఆలస్యమగును. మనస్సు అలసినప్పుడు ప్రత్యర్థి మాయను కనుగొనజాలదు.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలయందు, పదునెనిమిదేండ్ల ప్రాయమున, నాదీ ఫాయిలులో స్వర్ణపతకము గెలిచెను. అంతలో మహాయుద్ధము వచ్చెను. 1916 క్రీడలు జరుగలేదు. నాదీ సైనికుడై దేశసేవ చేసెను. ఆటగానికి మేలైన ఏండ్లు అట్లు గడచిపోయినను ఆయన విద్య నశింపలేదు. 1920లో ఆంట్‌వెర్ప్ నగరమున జరిగిన ఆరు కత్తిసాము పోటీలలో ఐదింట స్వర్ణపతకములు పొందెను. ఫాయిలు, సేబరులయందు ఒంటరిగా రెండు. మూడు ఆయుధములయందును జట్టుతో మూడు. తండ్రి నేర్పని ఎపేయు అందులో నొకటి! ఆ మూడు జట్లలోను తమ్ముడు ఆల్డో ప్రక్కననే నిలిచెను. ఒకే ఒలింపిక్ క్రీడలలో కత్తిసామున ఇన్ని స్వర్ణములు నేటివరకు మరి యెవ్వరికిని లభింపలేదు.

పిమ్మట ఆయన దక్షిణ అమెరికాయందలి బ్యూనస్ ఎయిరీస్‌లో గురువుగా పనిచేసి, స్వదేశమునకు మరలివచ్చి, ఇటలీ కత్తిసాము సమాఖ్యకు అధ్యక్షుడయ్యెను. 1940 జనవరి 29వ తేదీని, నలువదియైదవ యేట మృతినొందెను.

ఐదు పతకములు ఆంట్‌వెర్ప్‌లో చేతికందినవి. కాని వాటిని సంపాదించిన కాళ్లును, ఊపిరియు లివోర్నోలో, ఎవ్వరును చప్పట్లు కొట్టని దినములలో సిద్ధమైనవి. వ్యాయామపు గంట చదువునకు నష్టమని తలంచు తలిదండ్రులు దీనిని ఆలోచింపవలెనని మా మనవి. పరిశుద్ధ పౌలు సైతము కొరింథులోని సంఘమునకు వ్రాయుచు, పందెమందు పరుగెత్తువారినే దృష్టాంతముగా చూపెను. దేహము దేవుడు మనకప్పగించిన సొత్తు. బాలురారా, రేపు ఉదయము గంట మ్రోగినప్పుడు మైదానమునకు వెనుదీయక రండు.