విజయనగరం మహారాజకుమారుడు - క్రికెట్టు దాత

మన కాకుమానులో గానీ, తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు గానీ క్రికెట్టు ఆడని కుర్రవాడు కనబడడు. ఆదివారం తెల్లవారితే చాలు, కోత కోసిన పొలాల్లో స్టంపులు పాతేసి ఉంటాయి. ఈ ఆటకి మన తెలుగుదేశపు రాజకుమారుడు ఒకాయన చేసిన మేలూ, ఆయనే చేసిన చెరుపూ ఈ పిల్లలకి తెలియవు. సావనీరుకి ఏదైనా రాసివ్వమని సొసైటీ పెద్దలు అడిగినప్పుడు నాకు ఈయనే గుర్తుకొచ్చాడు. మన సయ్యద్ ముష్తాఖ్ అలీ కథ ఈయన కథలో కలిసి ఉంది. అదీగాక, చందాల మీద నడిచే మనబోటి సొసైటీలవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఇందులో ఉందని నా అభిప్రాయం.

ఆయన పూర్తి పేరు పూసపాటి విజయ ఆనంద గజపతి రాజు. లోకమంతా పిలిచింది మాత్రం విజ్జీ అనే. 1905 డిసెంబరు 28న విజయనగరం సంస్థానంలో, విజయరామ గజపతి రాజుగారికి రెండవ కుమారుడుగా పుట్టాడు. రెండవవాడు గనుక గద్దె రాదు. మహారాజకుమార్ అన్న బిరుదు ఒక్కటే మిగిలింది. ఖ్వాజా గరీబ్ నవాజ్ గారి అజ్మీరులో రాజుల పిల్లలు చదివే మాయో కాలేజీలోనూ, తరువాత ఇంగ్లండులోనూ చదివాడు. టెన్నిస్ బాగా ఆడేవాడు, వేటలో గురి ఉన్నవాడు. చివరికి కాశీలోని కుటుంబ ఎస్టేటులో స్థిరపడ్డాడు. డబ్బుకి కొదవ లేదు. పేరుకే కొదవ. ఆ పేరు క్రికెట్టులో దొరుకుతుందని ఆయనకి తోచింది.

1926లో కాశీ ప్యాలెస్ ఆవరణలోనే మైదానం తయారుచేయించి, సొంత టీము పెట్టాడు. 1930-31లో ఇంగ్లండు నుండి రావలసిన ఎం.సి.సి. జట్టు, ఇక్కడ శాసనోల్లంఘన ఉద్యమం జోరుగా ఉండటంచేత రాలేదు. అయితే నేనే తెస్తానన్నట్టుగా విజ్జీ తన ఖర్చుమీద టీము కట్టి హిందూస్థానమంతా, సిలోనూ తిప్పాడు. అందులో ఎవరున్నారనుకుంటున్నారు? జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్! ఆ రోజుల్లో ప్రపంచంలోనే పేరుమోసిన ఓపెనింగు జోడీ. అంతకుముందు ఎంతమంది పిలిచినా హాబ్స్ ఇండియాకి రాలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో విజ్జీ కోసం వచ్చాడు. ఆ పర్యటనలో ఆయన చేసిన రెండు సెంచరీలను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న తగువు ఇప్పటికీ తీరలేదు. అందుకే హాబ్స్ సెంచరీలు కొన్ని పుస్తకాల్లో 197, కొన్నింటిలో 199. కొన్నేళ్ళకి వెస్టిండీసు నుండి లియరీ కాన్‌స్టాంటైన్‌ని కూడా రప్పించాడు.

ఇండోరు కుర్రవాడు ముష్తాఖ్ అలీ ఇంకా హైస్కూల్లో ఉండగానే అతనిలోని ప్రతిభను కనిపెట్టి, కాశీకి పిలిపించి తర్ఫీదు ఇప్పించింది కూడా విజ్జీయే. పరాయి మతం, పరాయి ఊరు, చేతిలో పైసా లేని పిల్లవాడు అని చూడలేదు. ఈ ఎహసాన్ చిన్నది కాదు. నేను బడిపంతుల్ని. చెయ్యి పట్టుకుని నడిపించేవాడు లేక ఎంతమంది తెలివైన పిల్లలు చదువు మధ్యలో మెకానిక్ షెడ్లలో తేలారో నాకు తెలుసు.

ఇంతవరకూ మేలు. ఇక రెండో వైపు.

1932లో భారత జట్టు మొట్టమొదటిసారి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్ళేటప్పుడు, క్రికెట్ బోర్డుకి యాభై వేల రూపాయలు ఇస్తానన్నాడు విజ్జీ. ఆనాటి యాభై వేలు! బోర్డువారు ఆయనకి డిప్యూటీ వైస్ కెప్టెన్ అని ఒక పదవి సృష్టించి ఇచ్చారు. అది చాల్లేదో ఏమో, ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడు. ఆ జట్టుకి కెప్టెను పోరుబందరు మహారాజు. ఆయనకీ ఆట అంతంతమాత్రమే. కాని ఆ సంగతి ఆయనకి తెలుసు. లార్డ్స్ టెస్టు నాడు తాను పక్కకి జరిగి, మన తెలుగువారింటి బిడ్డ సి.కె. నాయుడుకి నాయకత్వం అప్పగించాడు. రాజులందరూ ఒక్కలాంటివారు కాదు.

ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో వైస్రాయి విల్లింగ్డన్ పేరున పెవిలియను కట్టించాడు విజ్జీ. పటియాలా మహారాజుతో పోటీపడి వైస్రాయి పేరున బంగారు ట్రోఫీ కూడా ఇవ్వబోయాడు, కాని పటియాలావారి రంజీ ట్రోఫీయే నిలిచింది. ఇలా ఇచ్చి, తిరిగి, మాట్లాడి, చివరికి 1936లో ఇంగ్లండు వెళ్ళే జట్టుకి కెప్టెను అయ్యాడు. నాయుడు, విజయ్ మర్చంట్, వజీర్ అలీ, మహమ్మద్ నిసార్, లాలా అమర్‌నాథ్, ముష్తాఖ్ అలీ వంటివారు ఉన్న జట్టు అది. మూడు టెస్టుల్లో ఆరుసార్లు బ్యాటింగు చేసి కెప్టెనుగారు చేసిన పరుగులు మొత్తం 33. అవతలి జట్టు కెప్టెనుకి బహుమతులిచ్చి తేలిక బంతులు వేయించుకునేవాడని కూడా చెప్పుకుంటారు. నిజమెంతో అల్లాకే తెలియాలి.

పరుగులు చేయకపోవడం పాపం కాదు. జట్టుని రెండు ముక్కలు చేయడం తప్పు. నాయుడు వెంట ఉన్నవారు ఒక గుంపు, కెప్టెను దయ కోరేవారు ఒక గుంపు. అమర్‌నాథ్ ఎవరు? 1933లో బొంబాయిలో మన దేశం తరఫున మొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు. ఈ పర్యటనలోనూ జోరుమీద ఉన్నాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద ఆడే మ్యాచిలో అతన్ని పాడ్లు కట్టుకుని ఉండమని, ఒకరి తరువాత ఒకర్ని ముందు పంపించి, పొద్దుపోయాక దింపారు. అతను తిరిగొచ్చి సామాను విసిరేసి పంజాబీలో గొణుక్కున్నాడు. అంతే. కెప్టెనూ, మేనేజరు మేజర్ బ్రిటెన్ జోన్సూ కలిసి మొదటి టెస్టుకి ముందే అతన్ని ఓడ ఎక్కించేశారు. మొదటి టెస్టు ఓడిపోయాం. రెండవదానికి ముందు, జూలైలో, కెప్టెనుగారికి సర్ బిరుదు వచ్చింది!

ఆ రెండవ టెస్టు మాంచెస్టరులో. మర్చంటు 114, ముష్తాఖ్ అలీ 112. ఇద్దరూ మొదటి వికెట్టుకి 203 పరుగులు కలిపి మ్యాచిని కాపాడారు. పరాయి గడ్డమీద భారతీయుడు కొట్టిన మొదటి టెస్టు సెంచరీ ముష్తాఖ్ అలీదే. మర్చంటుని రనౌట్ చేయించమని కెప్టెను తనని అడిగాడనీ, తాను ఆ మాట పిచ్‌మీదే మర్చంటుకి చెప్పేస్తే ఇద్దరూ నవ్వుకున్నారనీ ముష్తాఖ్ అలీ తరువాతి కాలంలో బయటపెట్టాడు. ఆలోచించండి. తనని చిన్ననాడు చేరదీసినవాడు అడిగాడు. వయసు ఇరవై ఒకటి. ఉప్పు తిన్న విశ్వాసం ఒకవైపు, ఇన్సాఫ్ ఒకవైపు. ఆ కుర్రవాడు ఎహసాన్ మరిచిపోలేదు, కాని దానికి బదులుగా ఈమాన్ ఇవ్వలేదు.

మూడవ టెస్టూ ఓడి జట్టు ఇంటికొచ్చాక, బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ సర్ జాన్ బోమాంట్ ఆధ్వర్యాన కమిటీ వేశారు. 1937 జనవరిలో రిపోర్టు వచ్చింది. అమర్‌నాథ్ మీద తప్పు లేదన్నారు. విజ్జీకి ఫీల్డింగు పెట్టడం గానీ, బౌలర్లని మార్చడం గానీ తెలియదని తేల్చారు.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఒక పెద్దమనిషి బడిపిల్లలకి రెండు బ్యాట్లు, పాడ్లు, బంతులు కొనిచ్చాడు. మంచి మనిషి. వాళ్ళబ్బాయిని కెప్టెన్ని చేస్తే బాగుంటుందని నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వుతూ చేశాను. ఒక దర్జీ కొడుకు, జట్టులో అందరికంటే బాగా బంతి వేసేవాడు, ఆ వారం నుండి గ్రౌండుకి రావడం మానేశాడు. ఎందుకు రావడం లేదని నేను వాళ్ళింటికి వెళ్ళి అడగలేదు. ఆ బ్యాట్లు లేకపోతే ఆటే లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బోర్డువారు కూడా 1936లో ఇలాగే సర్దిచెప్పుకుని ఉంటారు.

అయితే విజ్జీని అక్కడే వదిలేస్తే అన్యాయం అవుతుంది. మనిషి మారాడు, లేదా కొంత తగ్గాడు. 1947 జూలైలో, స్వాతంత్ర్యం రాబోతుండగా, అంత ఆశపడి తెచ్చుకున్న సర్ బిరుదుని వదులుకున్నాడు. 1952లో అమర్‌నాథ్ తిరిగి కెప్టెను కావడంలో ఈయన చెయ్యి ఉందని చెప్తారు. 1954లో బోర్డు అధ్యక్షుడయ్యాడు. ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్టు నిలదొక్కుకోవడానికి, కాన్పూరుకి టెస్టులు రావడానికి పాటుపడ్డాడు. 1956-57లో అరవై ఒక్క ఏళ్ళ సి.కె. నాయుడుని పిలిచి ఉత్తరప్రదేశ్ జట్టుకి నాయకుణ్ణి చేశాడు. ఇరవై ఏళ్ళనాడు పక్కనబెట్టిన మనిషినే! అది పశ్చాత్తాపమో, గౌరవమో, మళ్ళీ పేరుకోసమో. నియ్యత్ మనం చూడలేం. 1958లో పద్మభూషణ్ వచ్చింది. 1960లో విశాఖపట్నం నుండి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. రేడియోలో కామెంటరీ చెప్పేవాడు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశాడు.

యూనివర్సిటీల జోన్ల జట్లు ఆడుకునే టోర్నమెంటుకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు. ముష్తాఖ్ అలీ 2005 జూన్ 18న ఇండోరులో చనిపోయాడు. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే ఇరవై ఓవర్ల పోటీకి బోర్డు ఆయన పేరు పెట్టింది. మన పిల్లలు సెల్ ఫోన్లలో చూసే సయ్యద్ ముష్తాఖ్ అలీ ట్రోఫీ అదే.