ఓడిపోయే వేషంతో గెలిచిన ఎస్వీ రంగారావు



యాన్యువల్ డే ఫైట్ సీన్‌లో మీ బాబు దెబ్బలు తిని పడిపోయే వేషం వేస్తున్నాడా? బాధపడకండి. మన జిల్లా నూజివీడులో 1918 జూలై 3న పుట్టిన ఎస్.వి. రంగారావు గారి గురించి వాడికి చెప్పండి.

ఆయన బీఎస్సీ చదివి ఫైర్ సర్వీసులో పనిచేశారు. నటన మీద ఇష్టంతో ఆ ఉద్యోగం వదులుకున్నారు. తొలి సినిమా ‘వరూధిని’ ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో మళ్ళీ ఉద్యోగం చూసుకున్నారు. అయినా నటన వదల్లేదు. తిరిగొచ్చి ‘పాతాళభైరవి’ (1951)లో మాంత్రికుడిగా అందరికీ గుర్తుండిపోయారు.

‘నర్తనశాల’ (1963)లో ఆయన కీచకుడు. ఎదురుగా భీముడి వేషంలో ఉన్నది నిజమైన వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు గారు. కథలో గెలిచింది భీముడే. కానీ ఓడి ప్రాణం పోగొట్టుకునే కీచకుడి పాత్రకే జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది.

1974 జూలై 18న ఆయన మనల్ని విడిచి వెళ్ళారు.

ఫైట్‌లో కొట్టేవాడు ఎంత ముఖ్యమో, పడేవాడూ అంతే ముఖ్యం. పడేవాడు సరిగ్గా నటిస్తేనే కొట్టినవాడి బలం కనిపిస్తుంది. హీరో వేషం రాలేదని పిల్లల్ని చిన్నబుచ్చకండి. ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టండి.