దూరం వెళ్ళని నావికుడు



ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయాలంటే అందరూ మెచ్చే మహనీయుణ్ణి ఎంచుకోవడం మనకు అలవాటు. నేను ఈసారి అలాంటివాణ్ణి ఎంచుకోలేదు. చిన్నప్పుడు చరిత్ర పాఠంలో నావికుడు హెన్రీ అని మనమంతా బట్టీపట్టిన పోర్చుగల్ రాకుమారుడి గురించి రాస్తున్నాను. అతన్ని పొగడాలో తెగడాలో చరిత్రకారులకే ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ముందు జీవితం వరుసగా చెప్పి, నాకు తోచినది చివర మనవి చేస్తాను.

హెన్రీ 1394 మార్చి 4న పోర్టో నగరంలో పుట్టాడు. తండ్రి పోర్చుగల్ రాజు మొదటి జాన్. తల్లి ఫిలిప్పా ఇంగ్లండు రాజకుటుంబపు ఆడపడుచు. బతికి బట్టకట్టిన కొడుకుల్లో హెన్రీ మూడవవాడు. సింహాసనం దక్కే వరుస కాదు కనుక పేరు తానే సంపాదించుకోవాలి. ఆనాటి పోర్చుగల్ చిన్న రాజ్యం. ఒకవైపు తనకంటే ఎంతో పెద్దదైన కాస్టిల్ రాజ్యం, మరోవైపు అంతుతెలియని అట్లాంటిక్ మహాసముద్రం. పెరగాలంటే సముద్రం వైపే పెరగాలి.

1415 ఆగస్టులో పోర్చుగీసులు ఉత్తర ఆఫ్రికా తీరంలోని స్యూటా పట్టణాన్ని పట్టుకున్నారు. 21 ఏళ్ళ హెన్రీ ఆ యుద్ధంలో ముందువరుసలో నిలిచాడు. సహారా ఎడారికి ఆవల పుట్టే బంగారం ఒంటెల బిడారుల మీద ఆ పట్టణానికి వచ్చేది. పట్టణం చేతులు మారగానే వర్తకులు దారి మార్చుకున్నారు. ఊరు మిగిలింది, వ్యాపారం పోయింది, కాపలా ఖర్చు మాత్రం నెత్తిన పడింది. ఆ బంగారం దొరికే చోటికి ఎడారి మీదుగా కాకుండా సముద్రం మీదుగా చేరలేమా అన్న ఆలోచన హెన్రీలో బలపడింది. దానికి తోడు మతాభిమానం, ఆఫ్రికాలో ఎక్కడో ఒక క్రైస్తవ రాజు ఉన్నాడన్న నమ్మకం, కొత్తది తెలుసుకోవాలన్న కుతూహలం కూడా ఉన్నాయి.

1420లో హెన్రీ క్రీస్తు సంఘం అనే సైనిక మతసంస్థకు అధిపతి అయ్యాడు. దాని ఆదాయం ఓడల ఖర్చుకు అక్కరకు వచ్చింది. దేశంలో సబ్బు తయారీపై గుత్తాధికారం కూడా అతనికి ఉండేది. ఇంత రాబడి ఉన్నా జీవితమంతా అప్పులతోనే గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు.

ఆ రోజుల్లోనే అతని మనుషులు పోర్టో శాంటో, మదీరా దీవులు చేరారు. 1427 ప్రాంతంలో పోర్చుగీసు ఓడలు అజోర్స్ దీవులను చూశాయి. ఈ దీవులలో జనం లేరు. మదీరాలో అడవులు కొట్టి, కాల్వలు తవ్వి, గోధుమ, ద్రాక్ష, చెరకు వేశారు. పోర్టో శాంటోలో ఎవరో తెచ్చి వదిలిన కుందేళ్ళు తామరతంపరగా పెరిగి పైరంతా తినేశాయని ఆనాటి చరిత్ర రాసినవారు చెబుతారు. తెలియని నేల మీద తెలియకుండా చేసే పని ఎక్కడికి దారి తీస్తుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

కెనరీ దీవుల సంగతి వేరు. అక్కడ జనం ఉన్నారు. వారిని గ్వాంచీలు అంటారు. క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో ఉత్తర ఆఫ్రికా నుంచి వెళ్ళి స్థిరపడినవారి సంతతి. యూరపువారు వచ్చేనాటికి వారికి లోహం తెలియదు. రాతి పనిముట్లు, కుండలు, మేకలు, బార్లీ పంట, గుహలలో కాపురం. ధాన్యం దాచుకోవడానికి కొండరాతిలో వందలాది గదులు తొలుచుకున్నారు. చనిపోయిన పెద్దల శరీరాలు చెడకుండా తోళ్ళలో చుట్టి గుహలలో ఉంచేవారు. బార్లీ గింజలు వేయించి తిరగలిలో విసిరి తినేవారు. మన పేలపిండి లాంటి ఆ పిండిని అక్కడివారు నేటికీ తింటారు. ఆ దీవులను దక్కించుకోవాలని హెన్రీ 1424లో పెద్ద సైన్యాన్ని పంపాడు. గ్వాంచీలు రాళ్ళతో, కర్రలతో వారిని తరిమికొట్టారు. అతను మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినా దీవులు చిక్కలేదు. చివరకు కాస్టిల్ సైన్యాలు 1496 నాటికి అన్నిటినీ జయించాయి. యుద్ధాలతో, రోగాలతో, బానిసత్వంతో ఆ సమాజం చెదిరిపోయింది. లోహం తెలియనంత మాత్రాన వారిని అనాగరికులని రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ మాట నేను ఒప్పుకోలేను. వెయ్యేళ్ళకు పైగా చిన్న దీవులలో కరువుకు గింజలు దాచుకుని బతికిన జాతి అది.

ఇక ఆఫ్రికా తీరం. బొజడోర్ అగ్రం దాటితే తిరిగి రాలేమని నావికులు గట్టిగా నమ్మేవారు. ఆ భయం ఉత్త మూఢనమ్మకం కాదు. అక్కడ లోతు తక్కువ, పొగమంచు ఎక్కువ. గాలి, నీటి ప్రవాహం రెండూ ఓడను దక్షిణానికే తోస్తాయి. వెనక్కు రావడమే కష్టం. పన్నెండేళ్ళలో పదిహేనుసార్లు ఓడలు పంపినా ఎవరూ దాటలేదని రాశారు. 1433లో వెళ్ళి వెనుదిరిగిన జిల్ ఎయానిష్ అనే అనుచరుణ్ణి హెన్రీ మరుసటి ఏడాది మళ్ళీ పంపాడు. 1434లో అతను అగ్రం దాటి, ఆవలి తీరాన ఇసుక తప్ప మరేమీ లేదని చూసి, అక్కడ మొలిచిన కొన్ని పూలమొక్కలు గుర్తుగా తెచ్చాడు. రాను రాను నావికులు తిరుగు ప్రయాణంలో తీరం వదిలి సముద్రం మధ్యకు పోయి, పడమటి గాలులు అందుకుని ఇల్లు చేరడం నేర్చుకున్నారు. ముక్కోణపు తెరచాపల కారవెల్ ఓడలు ఎదురుగాలికి కూడా ఏటవాలుగా సాగగలిగేవి. యూరపువారికి దక్షిణపు దారి తెరిచినవి ఈ రెండు విద్యలే. వాటిని సాధించినవారు చాలావరకు పేరు మిగలని మామూలు నావికులు.

1437లో హెన్రీ టాంజియర్ పట్టణం మీద దండెత్తి ఘోరంగా ఓడిపోయాడు. సైన్యం ప్రాణాలతో బయటపడడానికి స్యూటాను తిరిగి ఇచ్చేస్తామని మాట ఇచ్చి, తమ్ముడు ఫెర్నాండోను శత్రువుల దగ్గర తాకట్టుగా ఉంచి వచ్చాడు. స్యూటాను ఇవ్వలేదు. ఇవ్వవద్దని పట్టుబట్టినవారిలో హెన్రీ ఒకడు. ఫెర్నాండో 1443లో ఫెజ్ నగరపు చెరలోనే చనిపోయాడు. ఇంత పెద్ద జీవితంలో నాకు అన్నిటికంటే బరువుగా తోచే ఘట్టాలు రెండు. ఇది మొదటిది.

రెండవది లాగోస్ రేవులో జరిగింది. ఇది నైజీరియా లాగోస్ కాదు, పోర్చుగల్ దక్షిణ తీరంలోని ఊరు. 1443లో బొజడోర్ ఆవలకు తన అనుమతి లేకుండా ఎవరూ వెళ్ళరాదన్న హక్కును, రాబడిలో ఐదో వంతు వాటాను హెన్రీ పొందాడు. 1444 ఆగస్టు 8న ఆఫ్రికా పడమటి తీరం నుంచి పట్టి తెచ్చిన 235 మందిని లాగోస్‌లో దించారు. వారిలో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలవారు ఎందరో. తల్లిని బిడ్డను, భార్యను భర్తను విడదీసి వాటాలు వేశారు. హెన్రీ గుర్రం మీద కూర్చుని చూశాడు. అతని వాటా 46 మంది. వారిని అనుచరులకు పంచిపెట్టాడు. ఆ ఆత్మలకు మోక్షం దొరికిందని సంతోషించాడట. హెన్రీని కీర్తించడానికే చరిత్ర రాసిన జురారా కూడా ఆ ఏడ్పులను దాచలేకపోయాడు. 2009లో లాగోస్‌లో కారు పార్కింగు కోసం తవ్వుతుండగా పాత చెత్తదిబ్బ స్థలంలో 150కి పైగా ఆఫ్రికన్ల అస్థిపంజరాలు బయటపడ్డాయి.

హెన్రీ 1460 నవంబరు 13న సాగ్రెస్‌లో మరణించాడు. అప్పటికి అతని ఓడలు ఆఫ్రికా పడమటి తీరం వెంట ఎంతో దూరం దిగువకు చేరాయి. తాను మాత్రం మొరాకో ఉత్తర తీరం దాటి వెళ్ళలేదు. నావికుడు అన్న బిరుదు 19వ శతాబ్దపు రచయితలు ప్రచారంలోకి తెచ్చినది. సాగ్రెస్‌లో అతను గొప్ప నౌకా విద్యాలయం నడిపాడన్న కథకు కూడా ఆధారం లేదు. 1960లో, అతని 500వ వర్ధంతికి, లిస్బన్‌లో కట్టిన ఓడ ఆకారపు స్మారకంలో అందరికంటే ముందు నిలబడినది అతనే.

అతను పోయిన 38 ఏళ్ళకు, 1498లో, వాస్కో డ గామా కాలికట్ దగ్గర దిగాడు. ఆ రాకపోకల గుర్తులు మన ఇళ్ళలోనూ ఉన్నాయి. అల్మారా, బొత్తాము, మేస్త్రి, అనాస అన్న మాటలు పోర్చుగీసు నుంచి వచ్చినవే. మన మిరపకాయ కూడా పోర్చుగీసు ఓడల మీదనే వచ్చింది.

ఇక నాకు తోచినది. దస్త్రం మీద సంతకం ఒకరిది, చెమట మరొకరిది అని ఉద్యోగం చేసినవారందరికీ తెలుసు. హెన్రీ సంతకం గొప్పదే. ఓపికగా నలభై ఏళ్ళు ఒకే పని మీద నిలబడడం, ఓడిపోయి వచ్చినవాణ్ణి శిక్షించకుండా మళ్ళీ పంపడం సామాన్యం కాదు. అయితే ఆ సంతకం కింద జిల్ ఎయానిష్ ధైర్యం ఉంది, ఫెర్నాండో చెర ఉంది, గ్వాంచీల గుహలున్నాయి, లాగోస్ రేవులో విడిపోయిన తల్లీబిడ్డలున్నారు. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు పైనున్న పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దని నా మనవి. కింద ఉన్న పేర్లు కూడా చెప్పాలి. పేర్లు తెలియనిచోట, అక్కడా మనుషులున్నారని చెప్పాలి.